వేడి చూసే వేళ్లు

మా చెల్లెలి కూతురు దవాఖానలో కౌన్సిలర్‌గా పనిచేస్తుంది. హెచ్ఐవీ ఉన్న పిల్లలకు మందులిప్పించడం, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడటం దాని పని. మొన్న మా ఇంట్లో అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది.

"పెద్దమ్మా, పదకొండేండ్ల పిల్లకు నీకు ఫలానా జబ్బుందని చెప్పాల్నా, వద్దా? తల్లిదండ్రులేమో బలం గోలీలని చెప్పి మింగిస్తాండ్రు. మేమేమో చెప్పాలంటున్నం. వాళ్లు మా మీద లొల్లికొస్తాండ్రు. నువ్వేమంటవ్?"

"నన్నెందుకడుగుతున్నవే?" అన్నాను.

"నీకు కోపమెక్కువ గదా, ఉన్నమాట అనేస్తవ్" అని నవ్వింది.

చారు పోసుకోమని మాట మార్చాను. చెప్పాలంటే నా పదకొండో ఏటినుంచి మొదలుపెట్టాలి. అన్నం ముందు కూర్చుని చెప్పేంత చిన్న సంగతి కాదది. అందుకని రాస్తున్నాను. చదివాక అది నామీద కోప్పడినా సరే, ఇన్నేళ్లూ చెప్పనందుకు.

డెబ్బైల మాట. వరంగల్లులో మా వాడంతా జంపఖానాలు నేసేవాళ్లే. మా ఇంట్లో మగ్గంతో పాటు రంగు కాగు కూడా ఉండేది. బాపు తెల్ల నూలుకు రంగు వేసేవాడు. అమ్మ నేసేది. బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, కండెలు చుట్టేది. నాకంటే రెండేళ్లు చిన్నదైన చెల్లె అందరికీ అడ్డం పడేది.

రంగు వేయడంలో కిటుకంతా వేడిలో ఉంటుంది. పెరట్లో రాళ్ల పొయ్యి మీద పెద్ద రాగి కాగు పెట్టి, నీళ్లలో రంగుపొడీ ఉప్పూ వేసి కాచాలి. నీళ్లు బాగా వేడెక్కాలి, కానీ కాగిపోకూడదు. ఆ అదను చూసి నూలు చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, దించి, దించిన తర్వాతే మంట పెంచాలి. ముందే కాగిపోయిన నీళ్లలో దించామా, నూలు ఒకచోట రంగు ఎక్కువ తాగి ఒకచోట తక్కువ తాగుతుంది. ఆరేసి చూస్తే ఒళ్లంతా మరకలే. మరి అదను ఎలా తెలుస్తుంది? మా ఇళ్లల్లో థర్మామీటర్లు ఎక్కడివి? కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు నీళ్లలో ముంచి ఐదు లెక్కపెట్టేవాళ్లం. ఐదు దాకా ఓర్చుకోగలిగితే నూలు దించొచ్చు. మూడుకో నాలుగుకో చెయ్యి లాక్కోవాల్సి వస్తే, పొయ్యిలోంచి కట్టెలు బయటికి గుంజి కాసేపు ఆగాలి. ఆ రెండు వేళ్లతోనే ఎందుకు చూసేవాళ్లంటే, అవి కాలినా పని ఆగదు. ముడి వేయాలన్నా, తెగిన పోగు పట్టాలన్నా కావలసినవి మిగతా మూడు వేళ్లే.

మా ఇంట్లో ఆ వేడి చూసే పని నాది. ఒకరోజు బాపు చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టుకుని ఉంటే, నేను చూస్తానని ముందుకొచ్చి వేళ్లు ముంచాను. ఐదు దాటాను. పది దాటాను. పన్నెండు దగ్గర బాపే నా చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

"అరే బాప్‌రే! నాకే ఇంత ఓర్పు లేదు!" అన్నాడు.

ఆనాటినుంచి నేనే. పక్కింటివాళ్లు వస్తే బాపు నన్ను పిలిచి మరీ చూపించేవాడు. "నా మనుమరాలిని చూస్తే అగ్గి సుత భయపడ్తది" అని బాపమ్మ వాడంతా చెప్పుకుంది. నాకసలే ముక్కు మీద కోపం. దానికి ఈ గొప్ప కూడా తోడైతే ఇక పట్టపగ్గాలుంటాయా? బడిలో ఎవరైనా నన్ను ఏమైనా అంటే, "నువ్వు కాగులో చెయ్యి పెట్టి చూపెట్టు ముందు" అనేదాన్ని. నా వేళ్లకు వేడి తెలియడం లేదన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. ఓర్పు అనుకున్నాం.

ఆ ఏడు వానలు వెనకబట్టాక నూలు పాడవడం మొదలైంది. ఎర్రరంగు వేస్తే చిలపల నడుమ తెల్లగా పాలిపోయిన మచ్చలు. నీలం వేస్తే ఒక కొస నల్లగా, ఒక కొస వెలిసిపోయినట్టు. బాపు వెళ్లి రంగులమ్మే సేటుతో తగువు పెట్టుకున్నాడు, కల్తీ సరుకు అంటగట్టావని. తర్వాత ఉప్పు మార్చాడు. ఆ తర్వాత మా బావి నీళ్లు వద్దని పక్క వీధి బావినుంచి మోయించాడు. బాపమ్మ కాగుకు దిష్టి తీసింది. ఇంత చేసి, నీళ్ల వేడి చూస్తున్నదెవరని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఇంట్లో అందరికీ నమ్మకం ఉన్నది ఆ రెండు వేళ్లమీదే కదా.

అప్పుడే మా బడికి మచ్చల సారు వచ్చాడు. పిల్లల ఒంటిమీద మచ్చలున్నాయేమో చూడ్డానికి సర్కారు పంపిన మనిషి. సైకిల్ మీద ఊరూరూ తిరిగేవాడు. మగపిల్లల్ని అంగీలు విప్పించి వరండాలో నిలబెట్టాడు. ఆడపిల్లల్ని ఒక గదిలో టీచరమ్మ ముందు ఒక్కొక్కరినీ చూశాడు. నా మోచేతి వెనక పావలా అంత పాలిపోయిన మచ్చ ఉంది. అదెప్పుడొచ్చిందో నేను గమనించనే లేదు. ఆయన కళ్లు మూసుకోమన్నాడు.

"నేను దారంతో ముడ్త. ఏడ ముట్టిన్నో ఆడ వేలు పెట్టు బిడ్డా."

అదేదో పరీక్ష అనుకున్నాను నేను. పరీక్ష అంటే నాకు అన్నిట్లో ముందుండాలి. రెప్పల సందులోంచి చూస్తూ ఆయన దారం ఎక్కడ పెడితే అక్కడ టక్కుటక్కున వేలు పెట్టాను. ఆయన నవ్వాడు. "నువ్వు మస్తు హుషారున్నవ్" అని, టీచరమ్మను నా కళ్లకు అడ్డంగా పలక పట్టుకోమన్నాడు. నేను వేలు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. చాలాసేపైంది.

"ఇగ అయింది, కండ్లు తెరువు" అన్నాడు.

"మీరింకా ముట్టనే లేదు గద సార్" అన్నాను.

ఆయన దారం పక్కన పెట్టాడు. నా కుడి మోచేతి ఎముక పక్కన వేలితో నొక్కి చూశాడు. అక్కడ చర్మం కింద తాడులాంటిదేదో నాకే తగిలింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు అటూ ఇటూ తిప్పి చూసి, మీ ఇల్లెక్కడని అడిగాడు. ఆ సాయంత్రమే బాపును వెతుక్కుంటూ వచ్చి, ఇంట్లోకి రాకుండా వీధి చివర నిలబెట్టి మాట్లాడాడు. బాపు తిరిగొచ్చి నేరుగా పెరట్లోకి వెళ్లి, పాడైన చిలపల ముందు కూర్చున్నాడు. వాటిని ఒక్కొక్కటీ తీసి మరకల మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉన్నాడు. అమ్మ అన్నానికి పిలిస్తే లేవలేదు.

తెల్లారినుంచి నాకు రోజూ ఒక తెల్లగోలి. "రక్తం పడ్తది, మింగు" అంది అమ్మ. దాంతో పాటు ఒక హుకుం. "ఇగ నువ్వు కాగు దిక్కు పోవద్దు" అన్నాడు బాపు.

"ఎందుకు?"

"పోవద్దంటే పోవద్దు."

"ఎందుకో చెప్పు."

"నోరు మూసుకొని చదువుకో పో."

ఇంకేం కావాలి? నూలు పాడైంది నా వల్లేనని బాపు అనుకుంటున్నాడని నాకు ఖాయమైపోయింది. కాకపోతే నన్నెందుకు తీసేస్తాడు? నా చోట చెల్లెను పెట్టాడు. ఆ తొమ్మిదేళ్ల పిల్ల చిటికెన వేలు ముంచి, ఐదు కూడా పూర్తికాకుండానే "అబ్బా, కాల్తాంది!" అని గంతులేసేది. బాపు వెంటనే కట్టెలు గుంజేవాడు. ఇక చూడండి, ఆ వారం నూలు దానిమ్మగింజల్లా ఒక్క మరక లేకుండా దిగింది. నాకెంత మంటెత్తిందో చెప్పలేను. బావి నీళ్లదీ, ఉప్పుదీ, సేటుదీ ఎవరిదీ తప్పు కాదని తేలింది. మిగిలింది నేనొక్కదాన్నే.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఇంట్లో అందరూ నాతో మంచిగా ఉండటం మొదలుపెట్టారు. నాకు దానంత కష్టం ఇంకోటి లేదు. కోడికూర వండితే పెద్ద ముక్క నాకే. నేను చెల్లెను కొట్టినా అమ్మ నన్ను తిట్టేది కాదు. బాపమ్మ నా తలకు నూనె రాస్తూ రాస్తూ ఏడ్చేది. ఏమైందే అంటే కంట్లో నలక పడిందనేది. అమ్మ మాత్రం నా కంచంలోంచే ముద్ద తీసుకుని తినేది, బాపమ్మ వారిస్తున్నా వినేది కాదు. అప్పుడు దాని అర్థం నాకు తెలియలేదు. నేను పనికిరానిదాన్నని అందరూ కలిసి నామీద జాలిపడుతున్నారని మాత్రమే తెలుసు. జాలి నా ఒంటికి పడదు.

ఒక ఆదివారం పొద్దున బాపు రంగుపొడికి పోయాడు. అమ్మ లోపల మగ్గం మీద ఉంది. ఇనుప పళ్ల పంజాతో పోగును బిగించి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెరట్లో ఎర్రరంగు కలిపిన కాగు కింద మంట ఉంది. చెల్లె స్టూలేసుకుని కాగు పక్కన కూర్చుంది, మహారాణిలాగా.

"ఏందే అంత ఫోజు?" అన్నాను.

"నాకు ఐదు దాకా మంచిగొస్తది. నీకు రాదు. గందుకే బాపు నిన్ను తీసేసిండు."

"నాకా రాదు? నేను యాభై దాకా పెడ్త."

"పందెం?"

"పందెం. నువ్వే లెక్కపెట్టు."

వేళ్లు ముంచాను. అది లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మంట తీయలేదు, నీళ్లు ఇంకా వేడెక్కుతూనే ఉన్నాయి. ఇరవై అంది, ముప్పై అంది. నేను దాని మొహంలోకే చూస్తూ నవ్వుతున్నాను. నలభై దగ్గర దాని గొంతు సన్నబడింది. "అక్కా, ఇగ తియ్యి" అంది. "లెక్కపెట్టవే" అని గద్దించాను. యాభై అన్నాక కూడా తీయలేదు. మొండికేసి ఇంకో పది లెక్కపెట్టించి, అప్పుడు తీశాను. "చూసినవా? ఏమన్నయిందా?" అని దాని ముక్కు ముందు చెయ్యి ఊపాను. నిజంగానే ఏమీ అనిపించలేదు. గెలిచానన్న సంతోషం తప్ప.

రంగు ఎర్రది కాబట్టి మొదట ఏమీ కనిపించలేదు. కాసేపటికి రెండు వేళ్ల మీదా తోలు పైకి లేచింది. చూస్తూ ఉండగానే రేగుపండంత బొబ్బలు. చిటికెన వేలి పక్కన తోలు ఊడి వేలాడింది. నేను దాన్ని రెండో చేత్తో లాగి చూస్తున్నాను, నొప్పి లేదు కదా. మగ్గం ఆపి నీళ్లు తాగడానికి బయటికొచ్చిన అమ్మ నన్ను చూసి, "ఓ యమ్మో, నా బిడ్డ చెయ్యి!" అని అరిచిన అరుపుకు వాడంతా గుమిగూడింది. అప్పుడు మాత్రం భయమేసింది. చెల్లె ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

దవాఖానలో కట్టు కట్టారు. మూడో రోజు మచ్చల సారు ఇంటికొచ్చాడు. ఈసారి వీధి చివర ఆగలేదు, పెరట్లోకి వచ్చి బాపుతో మాట్లాడాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"అన్నా, గోలీలు నేనిస్త. జబ్బును గోలి తగ్గిస్తది. కని చెయ్యిని కాపాడుకోవాల్సింది ఆ పిల్లనే. తనకు తెల్వకపోతె ఏమని చూసుకుంటది? ఇయ్యాల కాలింది. రేపు ఇనుప మొల గుచ్చుకుంటది, తెల్వది. పుండైతది, తెల్వది. గట్లనే ఊకుంటె వేళ్లే పోతయ్."

"చెప్తె తట్టుకుంటదా సారూ? పసిపిల్ల" అన్నాడు బాపు. "దాని నోరు ఆగది. కోపమొస్తె ఏదంటె అది అంటది. వాడంత తెలుస్తది. బడికి రానియ్యరు. మా ఇంట్ల నూలు ఎవలు ముడ్తరు?"

"నన్ను చెప్పమంటవా?"

బాపు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. నా బిడ్డకు నేనే చెప్త."

వేళ్లు పోతాయి అన్న మాట నాకు బాగా వినిపించింది. ఏ జబ్బో వాళ్లు పేరు పెట్టి అనలేదు. ఆ రోజునుంచి బాపు ఎప్పుడు చెబుతాడా అని కాచుకున్నాను. నేనుగా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నోరు పెద్దదని పేరేగాని, ఈ ఒక్కటీ పెగల్లేదు. ఆయనేమో నా ఎదురుగా కూర్చుని, నా కట్టువైపు చూసి, దగ్గి లేచిపోయేవాడు. పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు, "పరకాల పోతాన, నువ్వు సుత నడువు" అన్నాడు. అక్కడి దుకాణానికి జంపఖానాలు ఇచ్చి రావాలట. ఎప్పుడూ ఒక్కడే పోయేవాడు. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. సరుకు ఇచ్చేశాక బస్టాండుకొచ్చి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు. జనం లేని మూల చూసి, దుకాణంవాళ్లు వద్దని తిప్పి పంపిన ఒక జంపఖానా పరిచి, కూర్చోమన్నాడు. నేను ఎడమచేత్తో తింటున్నాను.

"బిడ్డా" అన్నాడు.

"ఊఁ."

"బస్సు లేటైతదేమో."

ఇంకాసేపటికి మళ్లీ, "బిడ్డా" అన్నాడు. నేను నమలడం ఆపాను. "లెక్కల్ల మంచిగ మార్కులొస్తానయా?" అన్నాడు. మూడోసారి ఇంకో బజ్జి తింటావా అని అడిగాడు. అంతే, నాకు తిక్క రేగింది.

"బాపూ, నా వేళ్లు పోతయా?"

ఉలిక్కిపడ్డాడు. "ఎవలన్నరు?"

"సారన్నడు. నేనిన్న."

అప్పుడు చెప్పాడు. నా మొహం చూడకుండా, ఆగి ఉన్న బస్సు చక్రం వైపు చూస్తూ. "నీకు పెద్దరోగం వచ్చింది బిడ్డా."

పెద్దరోగమంటే ఏమిటో మా వాడలో పిల్లలందరికీ తెలుసు. స్టేషన్ మెట్ల మీద చేతులకు గుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లకు డబ్బులు వేయాలంటే అందరూ దూరంనుంచి విసిరేవాళ్లు, నేనూ విసిరాను.

"కుష్టా?" అన్నాను గట్టిగానే.

బాపు నా నోరు మూయలేదు. చుట్టూ మాత్రం ఒకసారి చూశాడు. అటుగా పోయే ఒక్క మనిషి కూడా మమ్మల్ని ఎరిగినవాడు కాదు. పరకాల దాకా ఎందుకు తీసుకొచ్చాడో నాకప్పుడు తెలిసింది. సొంత బిడ్డతో ఒక్కమాట చెప్పడానికి మా ఇంట్లోగాని, మా వాడలోగాని ఆయనకు చోటు దొరకలేదు.

"నేను వాళ్ల లెక్కనే అయితనా?"

"కావు. గోలీలు మింగితె, దినాం చెయ్యి చూసుకుంటె కావు. సారు ఒట్టేసి చెప్పిండు."

"నీకెప్పటిసంది తెలుసు?"

"సారు మీ బడికొచ్చిన్నాటిసంది."

"అమ్మకు?"

"అమ్మకు, బాపమ్మకు సుత ఎరికే."

ఎనిమిది నెలలు. నా చెయ్యి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. రోగమని విన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. "మరి నన్ను కాగు కాడికి పోవద్దన్నది?" అని అడిగాను.

"వేడి నీ వేళ్లకు తెలుస్తలేదు బిడ్డా. నూలు కరాబైంది గందుకే. నీ తప్పు కాదు."

చెప్తే నమ్మరేమో, నేను ఏడ్చింది ఆ మాటకు. ఎనిమిది నెలలుగా మోస్తున్నదంతా బయటికొచ్చింది. "గీ మాట ముందే చెప్తే ఏం పోయింది నీకు? నేను చెయ్యి పెడుదునా? చెప్తే పెడుదునా?" అని మంచి చేత్తో ఆయన భుజం మీద కొట్టాను. కొట్టనిచ్చాడు. నేను అలిసిపోయి ఆగాక మెల్లగా అన్నాడు.

"నువ్వు ఏడుస్తవని చెప్పలేదనుకున్న. గది అబద్దం. వాడకు తెలుస్తదేమో, మగ్గం బందైతదేమోనని నాకు బుగులు. నీ కోసం దాస్తాన అని నాకు నేనే చెప్పుకున్న. నా కోసమే దాసిన బిడ్డా."

మా బాపు తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. మిగిలిన బజ్జి తుంచి సగం ఆయనకిచ్చాను. ఇద్దరం తిన్నాం. బస్సెక్కాక, "ఎవ్వలకు చెప్పకు. చెల్లెకు సుత చెప్పకు, చిన్నది" అన్నాడు. సరే అన్నాను.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. రోజూ పొద్దుగూకే ముందు వెలుతురుండగానే చేతులు కడుక్కుని, వేలు వేలునూ తిప్పి చూసుకునేదాన్ని. గీత పడిందా, ముల్లు గుచ్చుకుందా, కందిందా అని. నా తోలు చేయలేని పనిని కళ్లతో చేయాలని సారు నేర్పాడు. వేడి గిన్నె పట్టుకోవాలంటే గుడ్డ లేకుండా ముట్టలేదు. గోలీలు ఏళ్లకేళ్లు మింగాను. ఎనభైల్లో మూడు మందులు కలిపిన కొత్త పొట్లాలొచ్చాయి. అప్పటికి తల నెరిసిన సారే వాటిని తెచ్చి మింగించి, ఒకనాడు "ఇగ చాలు, నీకు జబ్బు లేదు పో" అన్నాడు. చిటికెన వేలు కొంచెం వంగి ఉండిపోయింది. అడిగినవాళ్లకు చిన్నప్పుడు కాలిందని చెబుతాను. అబద్ధం కాదు కదా. ఐదు వేళ్లూ ఉన్నాయి, కలం పట్టుకుంటున్నాను.

అయితే పరకాల నుంచి వచ్చిన ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది.

ఇంటికొచ్చేసరికి ఎండ తగ్గింది. చెల్లె బయటి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి లోపలికి పోబోయింది. చెయ్యి కాలిన రోజునుంచి అది అంతే. నేను పక్కన కూర్చుంటే లేచిపోయేది, నా కట్టు కనిపిస్తే తల తిప్పుకునేది, రాత్రి నా పక్కన పడుకోనని బాపమ్మ దగ్గరికి చేరింది. కాగు దగ్గరికి కూడా పోవడం మానేసింది, బాపు అరిచినా పోలేదు. అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం నాకు అర్థమైందనిపించింది. దీనికీ తెలుసు. నన్ను చూసి అసహ్యపడుతోంది. బాపు చిన్నదని దాన్ని వెనకేసుకొచ్చాడుగానీ, అందరూ కలిసి నా ఒక్కదాని దగ్గరే దాచారు.

వెళ్లి దాని రెట్ట పట్టుకున్నాను. "నీకు తెలుసు గదా?"

అది రెట్ట విడిపించుకోబోయింది. "తెలుసక్కా" అంది.

"ఏం తెలుసు? చెప్పు."

"నీ వేళ్లు పోతయట. సారు బాపుకు చెప్తాంటె కట్టెల వెనకకెల్లి ఇన్న." దాని మొహమంతా కన్నీళ్లు, చీమిడి. "నేనే పందెం కట్టిన గదా. లెక్కపెట్టింది నేనే గదా. నా వల్లనే పోతయ్ గదక్కా."

దాని రెట్ట వదిలేశాను. రెండు వారాలుగా ఈ తొమ్మిదేళ్ల పిల్ల నా రెండు వేళ్లనూ తానే తీసేసినట్టు మోస్తూ తిరుగుతోంది. ఎవరూ దానికేమీ చెప్పలేదు, అది ఎవరినీ అడగలేదు. ఇంట్లో నలుగురం ఉన్నాం. ఒక్కరం కూడా దాని మొహం చూడలేదు. బాపుకు సరే అని మాటిచ్చి రెండు గంటలు కూడా కాలేదు. అయినా దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, అన్నీ చెప్పాను. మచ్చ చూపించాను. సారు దారంతో ముట్టిన సంగతి చెప్పాను. నాకొచ్చిన రోగం పేరు కూడా, బాపు చెప్పినట్టు పెద్దదనీ చిన్నదనీ తిప్పకుండా, ఉన్నపేరుతోనే చెప్పాను. పందేనికి చాలా ముందే నా వేళ్లకు స్పర్శ పోయిందనీ, ఇక రోజూ చూసుకుంటే వేళ్లు పోవనీ చెప్పాను.

అది ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. రోగం గురించి ఒక్కటీ అడగలేదు. "అయితె నా వల్ల కాదా?" అంది.

"కాదు."

"మళ్ల చెప్పు."

"నీ వల్ల కాదే."

"నిజంగనా? మళ్ల చెప్పు."

అమ్మ అన్నానికి పిలిచేదాకా చెబుతూనే ఉన్నాను.